తలుపు పక్కన మేకు

నోటుపుస్తకమునకు,

నమస్కారములు.

'ఉభయకుశలోపరి' అని రాయలేను. నీ కుశలం నాకు తెలియదు. కుడివైపు పైభాగాన తేదీ, ఊరు కూడా రాయడం లేదు. ముప్పై ఆరేళ్లు పిల్లలకు లేఖారచన నేర్పాను. ఆ రెండూ రాయనివాడికి అరమార్కు కోసేవాణ్ణి. ఇప్పుడు నాకు నేనే కోసుకుంటున్నాను. ఇది ఎవరి చేతిలోనైనా పడితే ఏ ఊరి మాస్టారి సంగతో తెలియకూడదు. వారం పేరు మాత్రం వేస్తాను.

సోమవారం

నిన్న మహిమ కరీంనగర్ నుంచి వచ్చి వెళ్లింది. కూతురు నర్సయితే ఇంటికి వచ్చినా వార్డుకు వచ్చినట్టే ఉంటుంది. తల్లి రక్తపోటు చూసింది, మాత్రల డబ్బా సర్దింది, నా చేతిలో ఒక కాగితం పెట్టింది. వాళ్ల ఆసుపత్రిలో రోగుల బంధువులకు పంచుతారట. 'ఇల్లు తేలికైతే మనసు తేలిక' అని శీర్షిక. కింద ఇరవై వాక్యాలు. ఏడు తప్పులు ఎర్రసిరాతో దిద్ది తిరిగి ఇచ్చాను.

"దిద్దమని ఇయ్యలే బాపూ. చెయ్యమని ఇచ్చిన" అంది.

సామాను కిక్కిరిసిన ఇంట్లో మరపు జబ్బు ఉన్నవాళ్లకు కంగారు ఎక్కువవుతుందట. తట్టుకొని పడతారట. ఆ జబ్బు ఉన్న నా భార్య గ్రేస్ పోయిన నెల గొడుగుల కట్ట తట్టుకొని పడింది. ఆ గొడుగులు నావి కనుక వాదించలేదు. ప్రతి వస్తువునూ చేతిలోకి తీసుకొని మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఏడాదిలో వాడామా? ఇకముందు వాడతామా? చూస్తే మనసు తేలికపడుతుందా? మూడింటికీ 'లేదు' అని వస్తే ఇంట్లోంచి పంపివేయాలి. ఇంటి పనితోపాటు మనసు పని కూడా ఉంది. రోజూ పది నిమిషాలు మనసులో ఉన్నదాన్ని కాగితం మీద పెట్టాలి. అందుకే నువ్వు.

నా మనసులో ప్రత్యేకంగా ఏమీ లేదు.

మంగళవారం

పక్కింటి సమ్మక్క పొద్దున్నే వచ్చి ఇల్లు ఊడ్చి, గ్రేస్‌కు తల దువ్వి వెళుతుంది. ఈ రోజు సామాను మోయడానికి కూడా సాయం పట్టింది. ముప్పై ఏళ్ల ప్రశ్నపత్రాలు, హాజరు పుస్తకాలు, సుద్దముక్కల పెట్టెలు, ఆగిపోయిన గడియారాలు మూడు, క్రిస్మస్ నక్షత్రాల వెదురు చట్రాలు, గొడుగులు పదకొండు.

"ఒక్క తలకాయకు గిన్ని గొడుగులేంది సారూ?" అంది సమ్మక్క.

చెడిపోయినవాటి ఊచలు మరొకదానికి పనికివస్తాయని దాచినట్టు వివరించాను. అట్లా బాగుచేసిన గొడుగు ఏదని అడిగింది. ఒక్కటీ లేదు.

పాత సామాను కొనే కైలాసం ఆటో తెచ్చి రెండు విడతలుగా తీసుకువెళ్లాడు. సాయంత్రానికి ముందుగదిలో గచ్చు కనిపించింది. ఎర్ర గచ్చు అని మరిచేపోయాను.

బుధవారం

బాగా నిద్రపట్టింది. కాగితం రాసినవారికి భాష రాదు గాని విషయం తెలుసు.

గురువారం

వంటగది, అలమారలు, మంచం కింది పెట్టెలు పూర్తయ్యాయి. మధ్యగది మిగిలింది.

మధ్యాహ్నం భోజనం కాగానే గ్రేస్ ఎప్పటిలాగే మధ్యగది తలుపు దగ్గరగా వేసి, వేలు పెదవుల మీద పెట్టుకొని వచ్చింది. "సప్పుడు జేయకుండ్రి. పోరడు పండుకున్నడు."

మూడేళ్లుగా ప్రతి మధ్యాహ్నం ఇదే మాట. మొదట్లో ప్రతిసారీ సరిదిద్దేవాణ్ణి. మా కొడుకు జేమ్స్ చనిపోయి పన్నెండేళ్లయిందని, గనిలో పైకప్పు కూలిందని, సమాధి దగ్గర పాస్టర్‌గారు చేసిన ప్రార్థన గుర్తు తెచ్చుకొమ్మని చెప్పేవాణ్ణి. ఆమె ఆ వార్త అప్పుడే విన్నట్టు కూలబడి ఏడ్చేది. గంటకు అంతా మరిచి మళ్లీ వేలు పెదవుల మీద పెట్టుకునేది. అట్లా ఆమె చేత కొడుకును ఎన్నిసార్లు పోగొట్టిస్తానని మహిమ నన్ను నిలదీసింది. అబద్ధం చెప్పడం నాకు రాదన్నాను. చెప్పొద్దు, ఊరుకొమ్మంది. అప్పటినుంచి ఆమె ఆ మాట అనగానే వరండాలోకి వెళ్లి కూర్చుంటున్నాను.

వరండాలోకి కూడా వినబడుతుంది.

శుక్రవారం

మధ్యగది పూర్తయింది.

~~గ్రేస్ ఆరోగ్యం కోసమే ఈ నిర్ణయం తీసుకున్నాను. ఆ గది ఆమెను భ్రమలో ఉంచుతోంది. గది ఖాళీ అయితే భ్రమ కూడా ఖాళీ అవుతుంది.~~

సమ్మక్క ఆమెను తన ఇంటికి తీసుకువెళ్లిన రెండు గంటల్లో ముగించాను. మంచం, పరుపు, నల్లబూట్లు రెండు జతలు, టోపీ, నడుముపట్టీ, చొక్కాలు తొమ్మిది. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకున్నాను. మూడు ప్రశ్నలూ వేసుకున్నాను. మూడో ప్రశ్నకు ప్రతిసారీ 'లేదు' అనే వచ్చింది.

చివరికి వీధితలుపు పక్కన మేకుకు వేలాడే ఇత్తడి బిళ్ల. గనిలో జేమ్స్ హాజరు బిళ్ల, అంకెలు అరిగిపోయాయి. అది కూడా కైలాసం సంచిలో వేశాను. మేకు పీకి, రంధ్రంలో లప్పం పెట్టి, దాని మీద సున్నం పూశాను. నేను ఏ పనీ సగంలో వదలను.

ఇల్లు తేలికగా ఉంది. నా మనసు తేలికగా ఉంది.

శనివారం

సమ్మక్క ఇంట్లోనే నిద్రపోయిన గ్రేస్‌ను పొద్దున తీసుకువచ్చాను. లోపలికి అడుగుపెడుతూ గోడ మీద చెయ్యి వేసింది. అది ఆమె అలవాటు. వస్తూ పోతూ ఆ బిళ్లను ఒకసారి తాకుతుంది. చెయ్యి గోడ మీదే ఆగిపోయింది. అరచేత్తో పైకీ కిందికీ తడిమింది. వేళ్లకు సున్నం అంటింది.

"బిళ్ల ఏది?"

అనవసరమైనవి తీసివేశామని చెప్పాను.

"పోరడు బాయిల దిగిండా? నాకు జెప్పకుంటనే దిగిండా?"

బాయి కాదు, గని అనాలని ఆమెకు ముప్పై ఏళ్లుగా చెబుతున్నాను. ఈ రోజు చెప్పలేదు. మధ్యాహ్నం ఆమె మధ్యగది వైపు వెళ్లనే లేదు. వేలు పెదవుల మీద పెట్టుకోలేదు. గని షిఫ్టు సైరన్ మోగగానే మా ఇంటి గేటు దగ్గరికి వెళ్లి నిలబడింది. ఆ సైరన్ వాడి గనిది కూడా కాదు. వాడి గని మూసివేసి ఆరేళ్లయింది.

చీకటిపడేవరకూ నిలబడింది.

ఆదివారం

ఆరాధనకు వెళ్లలేదు.

సమ్మక్క గోడ చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె భర్త మల్లన్న ఇరవై ఎనిమిదేళ్లు గనిలో పనిచేసి, రిటైరైన రెండేళ్లకు, పోయిన ఏడు చనిపోయాడు. వాళ్ల ఇంట్లోనూ తలుపు పక్కన మేకు ఉంది. దానికి బిళ్ల ఉంది.

"బిళ్ల ఇంట్ల ఉంటే మనిషి ఇంట్ల ఉన్నట్టు సారూ. బిళ్ల లేదంటే కింద ఉన్నట్టు. గంతే గద మాకు ఎరుక."

నాకూ ఎరుకే. కిందికి దిగేవాడు దీపాల గదిలో బిళ్ల ఇచ్చి దీపం తీసుకుంటాడు. పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తెచ్చుకుంటాడు. తొమ్మిదో తరగతి పిల్లలకు 'మా ఊరి గని' అని వ్యాసం రాయించినప్పుడు ఈ విషయం రాయనివాడికి మార్కు తగ్గించాను. గనిలోకి ఎన్నడూ దిగని మనిషికి అది ఒక విషయం.

"మీ పోరడు పోయిన గా దినం దీపాల గది బోర్డుకు ఒక్క బిళ్లనే మిగిలింది. అందరియి అందరు తీస్కపోయిండ్రు. గ్రేసక్క దాని దిక్కే సూసుకుంట నిలబడ్డది" అంది సమ్మక్క. "తర్వాత దీపాల గదోళ్లు తెచ్చి ఆమె చేతుల పెట్టిండ్రు. ఆమె తెచ్చి గా మేకుకే తగిలిచ్చింది. మీరు సూడలే?"

చూశాను. రంగు తడి ఆరని శవపెట్టె పక్కన కూర్చొని చూశాను. ఆమె ఏదో వస్తువు గోడకు తగిలిస్తోందనుకున్నాను.

సోమవారం

కైలాసం దుకాణానికి వెళ్లాను. రేకుల షెడ్డు, దాని వెనుక ఇనుప గుట్ట. గుట్ట పక్కన నా గొడుగులు ఉన్నాయి. జేమ్స్ బూట్లు ఒక జత ఉన్నాయి. ఇత్తడి సంచి లేదు.

"పొద్దుగాలనే లారీకి ఎక్కిచ్చిన సారూ. గవి పట్నం పోయి కరుగుతయి. గిప్పుడు ఏడని దేవులాడాలె?" అన్నాడు. అంత అవసరమైనదైతే ఎందుకు వేశానని అడిగాడు. నా దగ్గర చదువుకున్నవాడే. ఏడో తరగతిలో ఇట్లాంటి ప్రశ్న వేసినందుకే వాణ్ణి బెంచీ ఎక్కించాను.

లారీ ఎటు వెళ్లిందో కనుక్కొని ఫోన్ చేయించాను. ఎత్తినవాడు నవ్వాడు.

మంగళవారం

గ్రేస్ తినడం లేదు. పొద్దున అన్నం కలిపి ముద్ద నోటి దగ్గర పెట్టాను. "పోరడు పైకి రాలే. నేనెట్ల తింట?" అంది. తింటే వస్తాడన్నాను. నాకు ఊహ తెలిశాక చెప్పిన మొదటి అబద్ధం ఇదే కావచ్చు. ఆమె నమ్మలేదు. నా గొంతుకు అలవాటు లేదు.

బుధవారం

రెండు చెంచాల గంజి. అది కూడా సమ్మక్క చేతి నుంచి.

సమ్మక్కకు ఒక ఆలోచన వచ్చింది. తన ఇంటి మేకుకు ఉన్న మల్లన్న బిళ్ల తెచ్చింది. నేను వద్దన్నాను, అది ఆమెకు ఏమిటో ఇప్పుడు నాకు తెలుసు. "నా మనిషి యాడికీ పోడు తియ్యి సారూ. రెండు దినాలు మీ ఇంట్ల ఉంటడు" అని, గోడకు జిగురు పట్టీతో దాన్ని అంటించింది.

గ్రేస్ వచ్చింది. చెయ్యి వేసింది. ఆమె ముఖం విప్పారడం చూశాను. రాస్తున్నాను కాబట్టి నిజం రాయాలి, చూశాను. తర్వాత బొటనవేలితో అంచు తడిమింది. ఏ నొక్కు ఎక్కడ ఉందో ఆ వేలికి తెలుసు. బిళ్లను ఊడదీసి సమ్మక్క చేతిలో పెట్టి ఆమె గుప్పిట మూసింది.

"గిది మల్లన్నది. గీడికెట్ల వచ్చింది? జల్ది పో. నీ మేకుకు తగిలియ్యి. మనిషి ఏమాయెనో అని పరేషాన్ అయితవు."

సమ్మక్క సరే అక్కా అంది. చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లింది.

సొంత భర్త ముఖం ఉదయం గుర్తుంటే సాయంత్రం గుర్తుండని మనిషి, పక్కింటివాడి బిళ్లను వేలితో గుర్తుపట్టింది. ఆ జబ్బు ఏది తీసుకువెళ్లిందో, ఏది వదిలివెళ్లిందో డాక్టరు చెప్పలేదు. నేను అడగలేదు. మా ఇంట్లో ఏది దేనికి ఉందో కూడా అడగలేదు. మూడు ప్రశ్నలూ నన్నే వేసుకొమ్మని కాగితంలో ఉంది. ఆమెను అడగమని లేదు.

గురువారం

అరగ్లాసు నీళ్లు.

శుక్రవారం

స్నానం చేసి వచ్చేసరికి గ్రేస్ ఇంట్లో లేదు.

సమ్మక్క, నేను చెరోవైపు వెళ్లాం. మార్కెట్ దాకా, చర్చి దాకా వెతికాను. దొరికింది సమ్మక్కకు. మూతపడ్డ గని గేటు దగ్గర నేల మీద కూర్చొని ఉంది. గేటుకు అడ్డంగా ఇనుప కమ్మీలు వేసి అతికించారు. లోపల దీపాల గదికి కప్పు లేదు, గోడల మధ్య తుమ్మచెట్లు మొలిచాయి. ఆమె ఒళ్లో టిఫిన్ డబ్బా ఉంది. ఖాళీదే. మోయడానికి ఓపిక లేక ఖాళీది తెచ్చిందో, నింపడం మరిచిందో.

నేను వెళ్లేసరికి సమ్మక్క పక్కన కూర్చొని ఉంది. లేవదీయడానికి ప్రయత్నించడం లేదు. ఇద్దరూ ఆ కమ్మీల వైపే చూస్తున్నారు.

"ఇంకెంతసేపయితది?" అని గ్రేస్ అడిగింది. నన్ను కాదు.

"వస్తరు అక్కా. షిఫ్టు దిగినంక వస్తరు."

సమ్మక్కకు ఎంత సులువుగా వచ్చింది ఆ మాట. నేను మాట్లాడబోతే చేత్తో వారించింది. ముగ్గురం అట్లాగే కూర్చున్నాం. ఎండ నడినెత్తికి వచ్చాక గ్రేస్ పక్కకు ఒరిగింది. ఆటోలో ఎక్కించేటప్పుడు ఆమె బరువు తెలిసింది. బరువే లేదు.

ఈ ఇంట్లో తేలికైంది ఆమె.

శనివారం

మహిమ కారు తీసుకువచ్చి తల్లిని కరీంనగర్ తీసుకువెళ్లింది. ఖాళీ మధ్యగదిలో ఒక నిమిషం నిలబడింది. "నేను గొడుగుల గురించి చెప్పిన బాపూ" అంది. అంతే.

ఆదివారం

తొమ్మిది రోజుల కింద, ఆ శుక్రవారం రాసిన పుట తిరగేశాను. మూడు వాక్యాలు ఎర్రసిరాతో కొట్టివేశాను. వ్యాకరణం సరిగానే ఉంది. అవి నిజం కావు.

వాటి బదులు నిజం రాయకుండా ఈ పుట ఖాళీగా వదిలితే వదిలినట్టు కనిపిస్తుంది కనుక రాస్తున్నాను.

ఆ రోజు బడికి సెలవు. జేమ్స్‌కు ఒళ్లు కాలుతోంది. మధ్యాహ్నం షిఫ్టు. భోజనం చేయకుండా మధ్యగదిలో పడుకున్నాడు. గ్రేస్ తలుపు దగ్గరగా వేసి, వేలు పెదవుల మీద పెట్టుకొని నా దగ్గరికి వచ్చింది. "సప్పుడు జేయకుండ్రి. పోరడు పండుకున్నడు. ఇయ్యాల నాగా వెడ్తడు."

ముప్పై ఆరేళ్లలో నాకు ఒక్క నాగా లేదు. జిల్లా విద్యాధికారి చేతుల మీదుగా దానికి శాలువా కప్పించుకున్నాను. మాస్టారి కొడుకు చదువు మానేసి గనిలో చేరడమే నాకు తలవంపు. చేరిన ఏడాదికే పని ఎగ్గొట్టేవాడన్న పేరు కూడానా అన్నాను. గ్రేస్ తలుపుకు అడ్డం నిలబడింది. ఆమెను పక్కకు జరిపాను. భుజం పట్టి వాణ్ణి నేనే లేపాను.

వాడు ఎదురుచెప్పలేదు. మేకు నుంచి బిళ్ల తీసుకున్నాడు. "పోతన్న బాపూ" అన్నాడు. నేను జవాబుపత్రాలు దిద్దుతున్నాను. తల ఎత్తలేదు.

పన్నెండేళ్లలో గ్రేస్ ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. తొమ్మిదేళ్లు దాచుకుంది, ఆ తర్వాత మరిచిపోయింది అనుకున్నాను. మూడేళ్లుగా ప్రతి మధ్యాహ్నం ఆమె ఆ మాట అంటున్నది ఎవరితోనో ఆలోచించకుండా వరండాలోకి వెళ్లి కూర్చున్నాను. చివరికి ఆ గదినే ఖాళీ చేశాను. మధ్యాహ్నాలు నిశ్శబ్దంగా ఉంటాయని.

ఉన్నాయి.

బుధవారం

కరీంనగర్ వెళ్లి వచ్చాను. ముక్కులోంచి గొట్టం వేశారు. ఆమె దాన్ని పీకకుండా చేతులకు గుడ్డ చుట్టారు. పక్క మంచం మీద ఎవరో నిండా దుప్పటి కప్పుకొని పడుకొని ఉన్నారు. నేను గుమ్మంలోకి రాగానే గ్రేస్ ఆ మంచం వైపు, నా వైపు చూసింది. గుడ్డ చుట్టిన చెయ్యి ఎత్తి మహిమను పిలిచింది.

"గా సారును లోపటికి రానియ్యకు బిడ్డా. పోరన్ని లేపుతడు."

భర్త అని తెలియదు. నా పేరు తెలియదు. అది మాత్రం తెలుసు.

వరండాలో కూర్చున్నాను. ఇక్కడ కూడా వరండా ఉంది. కొంతసేపటికి మహిమ వచ్చి పక్కన కూర్చుంది. పక్క మంచం మనిషి లేచి వెళ్లగానే అవ్వ మళ్లీ బిళ్ల అడుగుతోందని చెప్పింది. డాక్టర్లు వారం అంటున్నారని, అంతకంటే తక్కువ కూడా కావచ్చునని చెప్పింది. నన్ను ఇంటికి వెళ్లమంది. కోపంతో కాదు. నేను కనిపిస్తే ఆమెకు ఆయాసం వస్తోంది.

గురువారం

ఉదయం గోడలో లప్పం తవ్వాను. పాత రంధ్రం దొరికింది. మేకు మళ్లీ కొట్టాను. దానికి తగిలించడానికి ఏమీ లేదు.

గదులన్నీ తిరిగాను. తట్టుకొని పడడానికి ఏమీ లేదు.

అదే రోజు

చిరంజీవి మహిమకు,

ఆశీస్సులు.

ఈ నోటుపుస్తకంలో చివరి పుట ఇదే. దీన్ని చింపి సమ్మక్క చేత పంపుతున్నాను. మిగతా పుటలు నీకు అక్కరలేదు. ఇది నీ పేరు మీద రాశాను గాని మీ అవ్వ కోసం. నా గొంతుతో చెబితే ఆమె నమ్మదు. ఆమెకు నా గొంతు చేసిన ఒక్క పనే గుర్తుంది. నువ్వయితే నమ్ముతుంది. కింద ఉన్నది ఆమె మాటల్లోనే రాశాను, దిద్దకు. ఇందులో మేకు సంగతి ఒక్కటే నిజం. మిగతాదానికి తీర్పు నా మీద ఉండనీ.

'గ్రేసూ, మేకు ఉన్నకాడనే ఉన్నది. బిళ్ల మేకుకే ఉన్నది. పోరడు షిఫ్టు దిగి వచ్చిండు. బువ్వ తిన్నడు. నడిమింట్ల పండుకున్నడు. ఇయ్యాల నాగా వెట్టిండు. సారు ఇంట్ల లేడు. ఎవ్వరూ లేపరు.'

మధ్యాహ్నం సైరన్ వేళకు ఆమె మంచం పక్కన కూర్చొని దీన్ని పైకి చదువు, తల్లీ. ఆమె కళ్లు మూసుకొని ఉన్నా చదువు. కాని గొంతు మరీ ఎత్తకు. పోరడు లేస్తాడు.